ఎవరికీ తెలియని మాట

'లింబాద్రి నర్సింహస్వామి' అని కొట్టాడు రాజారాం.

ఫోన్‌లో ఎర్రటి అక్షరాలు వచ్చాయి: 'ఈ మాటను ఇప్పటికే వేలమంది వాడుతున్నారు.'

"దేవుణ్ణి గూడ వదల్లే జనం," అని విసుక్కున్నాడు.

జిరాక్స్ సెంటర్ లత నవ్వింది. "దేవుడు అందరి నోట్లె ఉంటడన్నా. దొంగ ముందుగాల గదే కొట్టి సూస్తడు. పొలం కాగితాలు దాసే లాకర్ ఇది. నువ్వు పెట్టే మాటే తాళంచెవి. అది గట్టిగ లేకుంటే నీ ఎడపల్లి పొలం ఎవడో అమ్ముకుంటడు."

ఆ భయంతోనే బోధన్ దాకా వచ్చాడు. తమ్ముడి వాటా తన పేరు మీదికి ఎక్కింది మొన్ననే.

'బోధన్ చక్కెర' అని కొట్టాడు. దాన్ని వందలమంది వాడుతున్నారట.

"ఫ్యాక్టరీ మూతబడి ఎన్నేండ్లాయె, జనం నోట్లె తీపి మాత్రం పోలే."

"పొడుగు మాట పెట్టన్నా. నువ్వు ఎన్నడు మర్వనిది, నీకు తప్ప ఎవ్వరికి ఎర్కలేనిది."

"గసుంటిది నా దగ్గర ఏముంటది చెల్లె?"

"ఏదో ఒకటుంటది తియ్. అవు గని, మీ తమ్ముడు నాగేందరన్న జాడ ఏమన్న తెలిసిందా?"

"ఏడేండ్లు దాటె. తమ్ముని శవం గూడ దొరకలే. నేను ఉరికొచ్చేసరికి కాల్వల ఉత్త నీళ్లే ఉన్నయి."

పోలీసులకూ తల్లికీ చెప్పిన మాటే అది. వాడీ వాడీ నున్నబడింది, ఎక్కడా తడబడదు.

"నేను సూడ, కొట్టు," అని లత గోడవైపు తిరిగింది.

రాజారాం వేలు గాల్లోనే ఆగిపోయింది. కన్ను మూస్తే చాలు, చెవిలో పడే మాట ఒకటుంది. ఆ మాట అన్నవాడు నీళ్లలో ఉన్నాడు. విన్నవాడు గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్కడ మూడో మనిషి లేడు.

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నొక్కాడు: 'అన్నా చెయ్యియ్యే కాళ్లకు నేల అందుతలేదు.'

తెర మీద అక్షరాలు కనబడలేదు. కాల్వ నీళ్లలోంచి బుడగలు లేచినట్టు నల్ల చుక్కలు ఒకదాని వెనక ఒకటి లేచాయి.

"అయ్యిందా అన్నా?"

"అయ్యింది. గిది ఎవ్వనికి ఎర్కలేదు."

తెర మీద చక్రం చాలాసేపు తిరిగి ఆగింది.

'ఈ మాటను ఇప్పటికే ఒకరు వాడుతున్నారు.'