నదికి వదిలిన పగ

మొదటి గుద్దుకే కల్మత్ పెదవి చిట్లింది. రెండోదానికి వెనక్కి తూలి గాలపు కర్రల మీద పడ్డాడు. కర్రలన్నీ ఫెళఫెళమంటూ నేల మీద దొర్లాయి. ఓరోజ్ తన గాలాల కొట్టు బల్ల దాటి వచ్చి, మెడ పట్టుకుని గోడకు అదిమాడు. అయినా ఆ మనిషి చెయ్యెత్తలేదు. మీసం మీది నెత్తురు తుడుచుకుని, "నదిలో దిగడానికి ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు కావాలి" అన్నాడు.

ఎంత గుండె వీడికి! నాలుగేళ్ళ కిందట నారిన్ నది వంపులో, చేపలు పట్టే చోటు నాదంటే నాదని తగాదా వచ్చి, ఐసు పగలగొట్టే గునపంతో ఓరోజ్ తమ్ముడు ఎసెన్ తల బద్దలుకొట్టింది వీడే. మంచు మీద గడ్డకట్టిన ఆ నెత్తురు మడుగును ఓరోజ్ తన చేతులతోనే పారతో ఎత్తిపోశాడు. వీడు జైలునుంచి వచ్చి నెల కాలేదు, తిన్నగా చచ్చినవాడి అన్న కొట్టుకే వచ్చి నిలబడ్డాడు.

వారం కిందట ఊరి పెద్దలు రాయబారం తెచ్చారు. కల్మత్ తలవంచుకుని వస్తాడనీ, గొర్రెను కోసి ఊరికి పెడతాడనీ, ఎసెన్ కొడుక్కి తన చేత్తో కొత్త బట్టలు తొడిగి క్షమాపణ అడుగుతాడనీ, తాతలనాటి పద్ధతిలో పగ చల్లార్చుకుందామనీ నచ్చజెప్పబోయారు. ఓరోజ్ వాళ్ళ మీదికి కుక్కను వదిలాడు.

"ఏ చోట దిగుతావు?" అని అడిగాడు ఇప్పుడు, పట్టు సడలించకుండానే.

"పాత వంపులోనే."

ఎసెన్ కొడుకు తిలెక్ రోజూ గాలం వేసేది అక్కడే. పాతికేళ్ళవాడు, ఇంటికి ఒక్కగానొక్కడు, ఓరోజ్‌కి కూడా ఉన్న దిక్కు వాడే. తండ్రిని పొట్టన పెట్టుకున్నవాడు కొడుకును బతకనిస్తాడా? బల్ల కింద చేపలు కోసే కత్తి ఉంది. ఇప్పుడే కడుపులో దించెయ్యాలనిపించింది. మరి తను జైలుకు పోతే పిల్లాడిని ఎవరు చూస్తారు? అప్పుడు తట్టింది. కత్తికి అంత శ్రమెందుకు, నది ఉండగా?

మెడ వదిలి బూటు సైజు అడిగాడు. కల్మత్ నలభై నాలుగన్నాడు. చూడబోతే పొట్టి మనిషి, నలభై ఒకటి కూడా ఎక్కువే. రెండు జతల ఉన్ని మేజోళ్ళు తొడుక్కుంటాడు కాబోలని ఓరోజ్ సరిపెట్టుకున్నాడు. వదులైతే ఇంకా మంచిది, నీళ్ళు ఎక్కువ పడతాయి.

"నాకు వీటి సంగతి తెలీదన్నా" అన్నాడు కల్మత్. "నీ సొంతవాళ్ళకైతే ఏది ఇస్తావో అదే ఇవ్వు."

ఆ మాట పుండు మీద కారం చల్లినట్టు తగిలింది. సొంతవాణ్ణి మట్టిలో కలిపి, పైగా సొంతవాళ్ళ ఊసు. "అదే ఇస్తాను" అన్నాడు ఓరోజ్ పళ్ళ బిగువున.

డిసెంబరు నీటికి మందపాటి రబ్బరు కావాలి. ఓరోజ్ ఎండాకాలంలో అమ్మే పల్చటి ఆకుపచ్చది తీశాడు. అడుగున మేకులున్న బూట్లు పక్కకు నెట్టి, ఉన్ని అడుగుల జోడు అందుకున్నాడు. వాటికి మంచు ముద్దలుగా అంటుకుని, రాయి మీద కాలు ఆనదు. నడుముకు బిగించే బెల్టు ఉంటే, మనిషి పడినా నీరు ఒక్కసారిగా లోపలికి దూసుకుపోదు. దాన్ని సంచిలోంచి లాగి బల్ల కిందికి తన్నాడు. మూట కట్టే వంకతో వెనక్కి తిరిగి, కత్తి మొనతో తొడల మధ్య కుట్టు జానెడు విప్పాడు. తమ్ముడి తల కళ్ళముందు మెదిలింది. ఇంకో నాలుగు వేళ్ళు కోశాడు. ఓరోజ్ చేతి సరుకును ఆ ఊళ్ళో ఎవరూ తిప్పి చూడరు, అంత నమ్మకం.

కల్మత్ మూట గుండెకు హత్తుకుని, ఈ మేలు మర్చిపోనని గొణుగుతూ వెళ్ళిపోయాడు. వాడి కళ్ళు ఎందుకు చెమ్మగిల్లాయో ఓరోజ్ పట్టించుకోలేదు. గుద్దిన చెయ్యి వాచింది, దాన్నే చూసుకుంటూ కూర్చున్నాడు.

మూడోనాడు మధ్యాహ్నం టాక్సీ నడిపే అబ్దీ తలుపు తోసుకుని వచ్చాడు. వంపు దగ్గర ఎవడో నదిలో పడి పోయాడట. రోడ్డు మీంచి చూశాడట. కొత్త ఆకుపచ్చ రబ్బరు ప్యాంటు, నీళ్ళతో తిత్తిలా ఉబ్బిపోయి, బయటికి లాగడానికి నలుగురు పట్టారట. రాళ్ళకు కొట్టుకుని మొహం చితికిపోయిందట.

ఓరోజ్ టీ పూర్తిగా తాగాడు. రొట్టె ముక్క తుంచుకుని తిన్నాడు. గోడ మీది ఎసెన్ ఫోటో వైపు చూసి, "అయిపోయిందిరా తమ్ముడూ" అన్నాడు. ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికపడింది. ఇక తిలెక్ ఎవడికీ భయపడకుండా చేపలు పట్టుకోవచ్చు.

మొహం మీద కాస్త విచారం పులుముకుని నది దగ్గరికి నడిచాడు. జనం తలలు దించుకుని దారిచ్చారు. మంచు మీద శవాన్ని పడుకోబెట్టి దుప్పటి కప్పారు. దుప్పటి కిందినుంచి బూట్లు బయటికి కనిపిస్తున్నాయి, ఉన్ని అడుగులకు మంచు ముద్దలు గట్టిగా పట్టేసి ఉన్నాయి. ఓరోజ్ పక్కకు తిరిగి తుపుక్కున ఉమ్మేశాడు.

వెనకనుంచి ఎవరో వచ్చి అతని కాళ్ళ మీద పడ్డారు. ఒళ్ళంతా తడిసి, పళ్ళు టకటకలాడుతున్నాయి, చిట్లిన పెదవి ఇంకా మానలేదు. కల్మత్.

"పొద్దున క్షమించమని అడిగి నేనే తొడిగానన్నా, తిలెక్‌కి" అన్నాడు కల్మత్.