దొంగ లేడు

ఇంట్లో ఇంకొక మనిషి తిరుగుతున్నాడని చెబితే డాక్టరు నవ్వుతాడేమో. నవ్వితే నవ్వనీ. రాత్రి కొట్టు కట్టి ఇంటికి వెళ్లేసరికి ఒక్కోరోజు కుర్చీ కిటికీవైపు తిరిగి ఉంటుంది. తువ్వాలు తడిగా ఉంటుంది. తలుపు తాళం మీద మాత్రం ఒక్క గీత ఉండదు. తాళాలు బాగుచేసి బతికేవాడికి ఆ సంగతి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"తల పైకెత్తండి." డాక్టరు గ్లౌజు చేత్తో సన్నని కెమెరా గొట్టం ముక్కులోకి పోనిచ్చాడు. మూడేళ్లుగా ద్రాక్షపళ్లలా వేలాడిన కండలు తెర మీద ముడుచుకుపోయి కనిపించాయి. డాక్టరు గొట్టం అటూ ఇటూ తిప్పి మళ్లీ చూశాడు.

"మాత్రలెవరిచ్చారు?"

"మీరు సెలవులో ఉన్నప్పుడు వచ్చిన డాక్టరమ్మ."

"తొందరపడింది. మళ్లీ పెరుగుతాయి."

"అసలెందుకు పెరుగుతాయండీ?"

"రక్తంలో కాపలా కణాలుంటాయి. దొంగ దూరాడనుకుని గుంపుగా ముక్కులోకి దిగాయి. దొంగ లేడు. అయినా కర్రలు దించవు. సొంత గోడల్నే బాది వాచిపోయేలా చేస్తాయి."

"లేని దొంగ కోసమా?"

"అదే జబ్బు."

తన బుర్రకు పట్టిందీ అదేనేమో అనుకున్నాడు తాళాల మనిషి.

"వాసన తెలుస్తోందా?"

"నిన్నట్నించి. కానీ నా తలగడకు ఏదో వాసనండీ. కర్పూరంలో నిమ్మతొక్క నలిపినట్టు. మా ఇంట్లో అలాంటిదేం లేదు. మా ఆవిడ వాసన చూసి, ఏమీ లేదంది. ముక్కు కాదు, బుర్ర చూపించుకోమంది. నాకేమైనా మతి పోతోందా?"

డాక్టరు గొట్టం బయటికి తీశాడు. "మతికేం ఢోకా లేదు. నరాలు మేల్కొనేటప్పుడు లేని వాసనలు వస్తాయి. ఆ మాత్రలు ఆపేయండి. పాత చుక్కల మందే కొట్టు కట్టాక వేసుకోండి. ఎనిమిదింటికేగా కట్టేది?"

"ఎనిమిదింటికే."

మనసు తేలికపడింది. అయితే పిచ్చి కాదన్నమాట.

డాక్టరు గ్లౌజులు ఊడదీసి బుట్టలో పడేశాడు. బల్ల మీది చిన్న డబ్బా మూత తిప్పి, పగిలిన వేళ్లకు తెల్లని లేపనం రాసుకున్నాడు. మూడేళ్లుగా చూస్తున్నదే. వచ్చి భుజం తట్టాడు.

"ధైర్యంగా ఉండండి. గట్టిగా గాలి పీల్చండి చూద్దాం."

అతను కళ్లు మూసుకుని, మూడేళ్లలో మొదటిసారి, గుండెల నిండా పీల్చాడు.

డాక్టరు చేతి నుంచి ఆ తలగడ వాసనే వచ్చింది.