పెట్టె కింద

“ఆ నీళ్లసీసాల పెట్టె ఒకసారి పైకెత్తండి,” అంది మార్లిస్, బిల్లు కొట్టడం ఆపేసి.

కౌంటరు అవతలి ముసలావిడ తోపుడుబండిని గట్టిగా పట్టుకుంది. “బరువమ్మా. నడుం పట్టేసింది. అందుకే బండిలోనే ఉంచాను.”

“అయితే నేనే ఎత్తుతా.”

లేచి, వంగి, ఎత్తింది. ఉంది! పెట్టె కింద పావుకిలో వెన్న, నలిగి పల్చబడిపోయి. దాన్ని చూడగానే మార్లిస్ మొహం వెలిగిపోయింది.

వెలగదా మరి! ఆ సూపర్‌మార్కెట్ కంపెనీ వాళ్లకో అలవాటుంది. మామూలు కొనుగోలుదారులా తనిఖీ మనిషిని పంపిస్తారు. అతను బండిలో ఏదో ఒకటి దాచుకుని కౌంటరు దగ్గరికొస్తాడు. పట్టుకుంటే సరి. వదిలేస్తే బిల్లు కొట్టేవాళ్ల పేరు పక్కన ఒక గీత. మూడు గీతలైతే ఇంటికే. మార్లిస్‌కి అప్పటికే రెండు పడ్డాయి. రెండోసారి వచ్చింది చేతికర్ర ముసలమ్మ. జాలిపడి, బండివంక చూడకుండా పంపించేసింది. యాభై ఆరేళ్ల మనిషికి ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడు? పాలతో నోరు కాలినవాళ్లు మజ్జిగైనా ఊదుకునే తాగుతారు.

“ఈసారి దొరికిపోయారండోయ్!” అని అరిచింది మార్లిస్, వెన్న ప్యాకెట్టు గాల్లోకెత్తి.

ముసలావిడ మొహంలో రక్తం లేదు. “మెల్లగా అమ్మా. అది తీసేసుకో. మా బిల్డింగువాళ్లు వెనకే ఉన్నారు.”

“అబ్బో! పోయినసారి చేతికర్ర, ఈసారి నడుం నొప్పి. మీ ఆఫీసులో నాటకాలు కూడా నేర్పిస్తారా ఏమిటి?”

“ఏ ఆఫీసమ్మా? నీకు పుణ్యముంటుంది, గంట మాత్రం కొట్టకు.”

మార్లిస్ మేనేజరుని పిలిచే గంట కొట్టింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

శనివారం సాయంత్రం. తెల్లారితే ఆదివారం, కొట్లన్నీ మూత. వరస రొట్టెల అర దాకా సాగింది. “ఇంకో కౌంటరు తెరవండయ్యా!” అని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు.

మేనేజరు టోర్బెన్ పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు.

“పట్టేశాను సార్! మీ తనిఖీ మనిషిని పట్టేశాను. నా పేరు మీద రాయించండి.”

టోర్బెన్ ముసలావిడని ఎగాదిగా చూసి, మార్లిస్ చెవి దగ్గర గొంతు తగ్గించాడు. “తనిఖీవాళ్లు దొరగ్గానే కార్డు చూపిస్తారండీ. ఈవిడ మన మనిషి కాదు. నిజంగానే దొంగిలించింది.”

మార్లిస్ చేతిలో వెన్న మెత్తగా తగిలింది. “అయితే వదిలేద్దాం సార్. ఎంతలే, వెన్నేగా.”

“ఇంతమంది ముందు మీరు కేకేశాక ఎలా వదలను? పోలీసులకి చెప్పాల్సిందే. రూలు రూలే.”

ముసలావిడ ఉన్ని టోపీ సర్దుకుని, ఎవరివైపూ చూడకుండా అతని వెనకాలే లోపలి గదిలోకి నడిచింది.

“మా పై అంతస్తు ష్టాల్‌మన్ గారు కదూ?” అంది వరసలో ఓ గొంతు.

“ఆవిడే. ఛీ, ఈ వయసులో ఇదేం పని!” అంది ఇంకోటి.

నోరు చేసిన పాపానికి వీపు దెబ్బలు తింటుందంటారు. ఇక్కడ నోరు ఒకరిది, వీపు ఇంకొకరిది. మార్లిస్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. రంగుల మరకలున్న తెల్లబట్టలతో, ఒకదానిమీద ఒకటి రెండు బీరు పెట్టెలున్న బండి తోసుకుంటూ ఓ గోడలకి రంగులేసే మనిషి ముందుకొచ్చినా, అతని చేతుల్నే చూస్తూ కూర్చుంది.

“మీరు మాత్రం ఏం చేస్తారమ్మా?” అన్నాడతను మెల్లగా. “మీ పొట్ట మీద కొడతారనేగా మీ భయం.”

ఆ ఒక్క మాటకి మార్లిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను అరవకుండా ఉండాల్సింది.”

“పోనీండి. ఆ వెన్న నా బిల్లులో వేసి ఆవిడకిచ్చెయ్యండి. మా అమ్మదీ అదే వయసు.”

ఇంకా ఇలాంటి మనుషులున్నారన్నమాట, అనుకుంది మార్లిస్. వెన్న బిల్లు కొట్టి, ప్యాకెట్టు పక్కన పెట్టింది. ఇక పెట్టెలు మిగిలాయి. పైది ఎత్తించి చూడాలి. రూలు. ఆమె నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఇందాకే ఒకరి పరువు తీసింది. చేతనైన సాయం చేస్తున్న మనిషిని కూడా దొంగని చూసినట్టు చూడాలా? పోతే పోయింది వెధవ రూలు!

“ఎత్తక్కర్లేదండీ, కనిపిస్తూనే ఉన్నాయి,” అని రెండు పెట్టెలకీ బిల్లు కొట్టేసింది. “మీలాంటివాళ్లు రోజుకొక్కరొచ్చినా చాలు, ఈ కుర్చీలో కూర్చోవచ్చు.”

అతను డబ్బులిచ్చి, రసీదు తీసుకుని, బండి నాలుగడుగులు ముందుకి తోశాడు. ఆగాడు. పై పెట్టె ఎత్తి నేలమీద పెట్టాడు. రెండు పెట్టెల మధ్యనుంచి గడ్డం గీసుకునే బ్లేళ్ల ప్యాకెట్టు తీసి తెచ్చి కౌంటరు మీద ఉంచాడు. పక్కనే తన కార్డు, ఒక కాగితం, ఒక పెన్ను.

“తనిఖీ విభాగం. మీకిది మూడోది కదూ? ఇక్కడ సంతకం పెట్టండి.”

మార్లిస్ పెన్ను అందుకుంది. సంతకం పెట్టింది. పెట్టాక వెన్న ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని, లోపలి గదికేసి లేచింది. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇదైనా ఆవిడ చేతికివ్వాలి.

“ఆగండాగండి,” అన్నాడతను కాగితం మడతపెట్టుకుంటూ. “ఆ వెన్న బిల్లు రద్దు చేసి నా డబ్బులు వెనక్కివ్వండి. పరీక్ష అయిపోయిందిగా.”