ఈ ఏటి కొలత

పాలవాడి కూతురు చేతులు బారజాపి నిలబడింది. ఆ ఇంటి ఇల్లాలు ఆ పిల్ల భుజం నుంచి మణికట్టు దాకా జానతో కొలిచింది.

"నిరుటికీ ఇప్పటికీ మూడు వేళ్ళు పెరిగావే."

"మా అమ్మా అదే అంటోంది పిన్నీ. గౌన్లన్నీ పొట్టైపోయాయట."

ఆమె పిల్ల చేతిలో ఒక కోడిగుడ్డు పెట్టి పంపింది. చలికి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసి పది రోజులైంది. ఇంట్లో మిగిలిన ఆఖరి గుడ్డు అదే.

తర్వాత కుంపటి దగ్గర కూర్చుని నిరుటి స్వెట్టరు విప్పడం మొదలుపెట్టింది. విప్పిన ఊలు ఉండలా చుట్టింది. కొత్త కొలతకి అది చాలదు. తన శాలువా అంచు కూడా ఒక జానెడు విప్పి కలిపింది.

పాలవాడి కూతురూ, ఈ ఇంటి కూతురు చిన్నీ ఒకే నెలలో పుట్టారు. చిన్ని ఐదేళ్ళప్పుడు తప్పిపోయింది. తండ్రి వెంట అడవి అంచుకి పుల్లలకని వెళ్ళింది. పొగమంచు కమ్మింది. అతను మోపు కట్టి తల తిప్పేసరికి పిల్ల లేదు. ఊరంతా మూడు రోజులు వెతికింది. నాలుగో రోజు ఎవరి పనులకు వాళ్ళు పోయారు.

ఆ చలికాలం అతను మంచం దిగలేదు. అన్నం పెడితే కంచం అలాగే ఉండేది. ఒక తెల్లవారుజామున ఆమె బావి గట్టు మీద నుంచి అతన్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆ తర్వాత వారానికి, పట్నంలో అలాంటి పిల్లను చూశామని ఎవరో అన్నారు. అతను లేచి, మొహం కడుక్కుని, కడుపునిండా తిని బయల్దేరాడు.

అప్పట్నుంచి ఏటా అంతే. చలి ముదిరి పొలం పనులు ఆగగానే అతను చిన్నిని వెతకడానికి పోతాడు. సంచిలో ఫొటో, ఆ ఏటి కొలతకి అల్లిన స్వెట్టరు. పది రోజులకి రెంటితోనూ తిరిగి వస్తాడు.

ఇది ఎనిమిదో ఏడు.

పశువుల పాక కప్పు సర్దడానికి ఆమె తమ్ముడు పక్క ఊరి నుంచి వచ్చాడు. బావ గునపంతో తొట్టిలో గడ్డకట్టిన నీళ్ళు పగలగొడుతున్నాడు.

"ఈ ఏడు మానెయ్యి బావా."

అతను గునపం ఎత్తి వేశాడు. గడ్డ పగల్లేదు.

"ఆ మోకాలు చూడు ఎలా వాచిందో. చూస్తే గడ్డివామి సగం కూడా లేదు. ఆవు ఇవాళో రేపో ఈనేలా ఉంది. నువ్వు పోతే అక్క ఒక్కతే చావాలి."

"తెలుసు."

"తెలిసీ పోతావా? ఎనిమిదేళ్ళు బావా. అది ఉందనే అనుకుంటున్నావా?"

అతను మళ్ళీ వేశాడు. గడ్డ రెండుగా విడింది. ఆవు మూతి పెట్టి, ఆ చల్లదనానికి వెనక్కి తీసుకుంది.

"లేదురా," అన్నాడు. "నాకు నమ్మకం పోయి నాలుగేళ్ళయింది. బస్టాండులో దిగుతాను, ఫొటో చూపిస్తాను. అందులో ఉన్నది ఐదేళ్ళ పిల్ల. జనం ఫొటో చూడరు, నా మొహం చూస్తారు. పదిరోజులు ఏదో బెంచీ మీద ముడుచుకుని వచ్చేస్తాను."

"మరెందుకు పోవడం?"

"మీ అక్క అల్లుతోంది కదరా. నేను పోనంటే ఆ సూదులు ఆగిపోతాయి. ఆగితే అది బతకదు. పిల్ల ఇక లేదన్న మాట దాని మొహం మీద నువ్వంటావా?"

తమ్ముడు నిచ్చెన ఎక్కాడు. రేకుల మీద రాళ్ళు సర్దుతూ చాలాసేపు పైనే ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున్నే సంచి సిద్ధమైంది. స్వెట్టరు మడత పెట్టి అడుగున పెట్టింది. అతను గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడ్డాడు.

"ఈసారి…" అన్నాడు.

"ఈసారి రైలుకట్టకి అవతలి ఊళ్ళు చూడండి. పోయినేడు అటు వెళ్ళలేదన్నారు."

"చూస్తాను."

"మోకాలికి ఈ గుడ్డ చుట్టుకోండి. తిండి మానకండి."

"ఆవు ఈనితే ఒక్కదానివీ ఏం చేస్తావు?"

"నాకేం కొత్తా? మీరు బయల్దేరండి, బస్సు పోతుంది."

అతను కుంటుకుంటూ బాటెక్కాడు. పొగమంచులో ముందు సంచి, తర్వాత తల కనిపించకుండా పోయాయి. ఆమె కాసేపు అటే చూసి పాకలోకి వెళ్ళింది. తడిసిన గడ్డి బయట పారేసి, పొడిగా ఉన్నది ఏరి ఆవు కింద పరిచింది. దాని వీపు మీద గోనెసంచులు కప్పింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే చంకల్లో పెట్టుకుంది.

తమ్ముడు గుమ్మం దగ్గరే తచ్చాడాడు. ఆఖరికి అడిగేశాడు.

"అక్కా, చిన్ని దొరుకుతుందనే అంటావా?"

ఆమె తలెత్తలేదు.

"మీ బావ వెతుకుతున్నాడు కదరా. వెతకనీ."

చిన్ని తప్పిపోయిన ఆ మొదటి ఏడే, మంచు కరిగిన రోజుల్లో, అతను పట్నంలో ఫొటో చూపిస్తూ తిరుగుతుండగా, వాగు వంపులో కనిపించిన కూతుర్ని ఆమె ఒక్కతే గొయ్యి తవ్వి పాతిపెట్టి వచ్చింది.