నలభై ఒకటో పేజీలో గీత

నలభై ఒకటో పేజీ చూడగానే రామాంజనేయులుకి ఒళ్లు మండింది.

ఆయన గుంటూరులో ఫిజిక్సు లెక్చరరు. విస్తరించే విశ్వంలో గురుత్వాకర్షణ ఎలా పనిచేస్తుందని ఆరేళ్లు కుస్తీ పట్టి థీసిస్ రాశాడు. 1985 మార్చిలోగా పీహెచ్‌డీ రాకపోతే ప్రమోషన్ జూనియరుకి పోతుంది. ఎప్పుడూ టైపు చేసే మనిషికి కామెర్లు రావడంతో, బ్రాడీపేటలో ఎవరో మరియదాసట, ముసలాయన, ఆయనకిచ్చాడు.

టైపు మిషన్‌లో గ్రీకు అక్షరాలుండవు. అక్కడ ఖాళీ వదిలితే తర్వాత ఇంకుతో రాసుకుంటారు, అది మామూలే. ఈ పెద్దమనిషి మాత్రం ప్లస్ ఉన్నచోట శుభ్రంగా మైనస్ కొట్టి పెట్టాడు.

ఇదేమిటయ్యా అని నిలదీశాడు రామాంజనేయులు.

"అక్కడ మైనస్సే ఉండాలండి," అన్నాడు మరియదాసు నెమ్మదిగా. "బావిగట్టు సున్నా అనుకుంటే, లోపలున్న చేద లెక్క సున్నాకి కిందే కదండీ. పైకి లాగేకొద్దీ సున్నాకి దగ్గరవుద్ది. నక్షత్రాలు దూరం జరిగినా అంతేనండి. ప్లస్ పెడితే లాక్కోవాల్సినవి తోసుకుంటాయి."

తన స్టూడెంట్లకే ఎక్కని లెక్క ఈయనకి ఎక్కిందట! గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించడమంటే ఇదే.

"నీ పని చూసి కొట్టడం. దిద్దడం కాదు."

మరియదాసు కొత్త కాగితం ఎక్కించి, పేజీ అంతా మళ్లీ కొట్టి, ప్లస్ పెట్టిచ్చాడు.

థీసిస్ మద్రాసులో ఎగ్జామినరు దగ్గరికి వెళ్లి, మార్చి మొదటివారంలో తిరిగొచ్చింది. ఆ ప్లస్ చుట్టూ ఎర్రసిరా సున్నా. అక్కణ్ణించి లెక్కలన్నీ తప్పేనని, సరిచేసి మళ్లీ పంపమని ఉత్తరం. సగం చదివేసరికే తల కొట్టేసినట్టయింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ప్రమోషన్ ఎటూ పోయింది. ముసలాయన్ని క్షమాపణైనా అడుగుదామని బ్రాడీపేట వెళ్లాడు. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. మరియదాసు భార్య ఎలీసమ్మ బయటికొచ్చి, క్రిస్మస్ వెళ్లిన వారానికే ఆయన పోయారని చెప్పింది.

"మీ పేజీ గురించే బెంగ పెట్టుకున్నారండీ. తప్పని తెలిసీ కొట్టిచ్చానే అని."

రామాంజనేయులు ఆమె ముఖం చూడలేక, జేబులోని ఉత్తరం తీసి మిగతా సగం చదివాడు.

ఆఖర్న ఎగ్జామినరు ఇలా రాశాడు: "ముప్పై ఏళ్ల కిందట నా థీసిస్‌లో ఇదే తప్పు పట్టుకుని నన్ను గట్టెక్కించిన టైపిస్టు మరియదాసు గారు మీ గుంటూరులోనే ఉన్నారు, ఈసారి ఆయన చేత కొట్టించండి."