రెండు కుట్లు

ఆ వారంలో షైనీ ధర్మరాజుగారి లేసు ఆఫీసుకి రావడం అది నాలుగోసారి. చంకలో పాప జాయ్. పైట చాటున దారం చుట్టిన లేసు సూది.

మొన్నటిదాకా అదొక మామూలు ఆఫీసు. ఒక బల్ల, ఒక కాటా, గోడవార గోనెసంచులు. రాజోలు చుట్టుపక్కల ఆడవాళ్ళు అల్లిన లేసు పువ్వుల్ని తూకం వేసి, సంచుల్లో కుక్కి పంపించేసేవారు. ఏ పువ్వు ఎవరిదో ఎవరికీ పట్టేది కాదు.

ధర్మరాజుగారి అమ్మాయి రమణి హైదరాబాదులో డిజైనింగ్ చదువుకుని వచ్చింది. బల్లా కాటా తీయించేసింది. వెనక గది డిజైన్ స్టూడియో అయింది, ముందు గది గ్యాలరీ. కిటికీలు చెక్కలతో మూయించి, గోడకి నల్లరంగు వేయించి, ఇరవై ఆరుగురు అల్లిన ఇరవై ఆరు పెద్ద పువ్వుల్ని వరసగా బిగించింది. పువ్వుకో లైటు. కింద అల్లినావిడ పేరు. మొదటి పేరు సరుకు సరిచూసే మరియమ్మగారిది. చివరిది షైనీది.

షైనీకి నిద్ర పట్టనివ్వనిది ఆ పేరే.

పాపకి జ్వరం వచ్చిన రాత్రి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, లైటు ఆర్పేసి తడుముకుంటూ అల్లిన పువ్వది. ఐదో రేకు చివర రెండు కుట్లు ఎగిరిపోయాయి. పువ్వులిచ్చిన రోజు మరియమ్మగారు ఏ తొందరలో ఉన్నారో, "బాగుంది, బాగుంది" అంటూ అందరివీ తీసేసుకున్నారు. ఇంటికెళ్ళాక గానీ షైనీకి అనుమానం రాలేదు.

కుట్టు తప్పిందని తేలితే మరియమ్మగారు మళ్ళీ అల్లడానికి దారం ఇవ్వరు. పోయినేడు వీరాయమ్మకి అలాగే ఆపేశారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన షైనీకి చేతనైన పని ఇదొక్కటే. దారం ఆగితే జాయ్ పాలడబ్బా ఆగుతుంది.

వచ్చిన మూడుసార్లూ మరియమ్మగారు ముందే ఆ గోడ దగ్గర ఉన్నారు.

"ఏమే, నీకిక్కడేం పని?"

"ఆయ్, ఏం లేదండీ. పాపకి లైట్లు చూపిద్దామని."

"చూపించేవుగా. ఇక ఇంటికెళ్ళు."

ఇవాళ ప్రారంభం. అయిదింటికి పెద్దమనుషులొస్తారు. రేపు పువ్వులకి అద్దాలు బిగించేస్తారట.

అల్లినవాళ్ళందరూ నాలుగింటికే దిగిపోయారు. కుర్చీలు ఖాళీ. టీ చల్లారిపోతోంది. అందరూ గోడకి అతుక్కుపోయినట్టు నిలబడి, పువ్వులకేసి గుచ్చి గుచ్చి చూస్తున్నారు. షైనీ వెళ్ళి తన పువ్వుకి అడ్డంగా నిలబడింది. కనిపెట్టేశారు. తప్పెవరిదా అని వెతుకుతున్నారు.

"ఏమ్మా, అంత చెమటలు పట్టేసేయేంటి?" పక్క పువ్వు దగ్గరున్న మాధురి అడిగింది.

"పిల్ల బరువక్కా. నీకూ పట్టేయిగా?"

"నాకా? ఉక్క," అంటూ మాధురి మొహం తిప్పేసుకుంది.

రమణి మాత్రం మురిసిపోతోంది. "చూసేరా మరియమ్మగారూ, మనవాళ్ళకి కళంటే ఎంత ఇదో! ఒక్కళ్ళూ కదలడం లేదు."

"లైట్లు మరీ ఎక్కువైపోయాయమ్మా. సగం ఆర్పేయరాదూ? కళ్ళు లాగేస్తున్నాయి."

"లైట్లు లేకపోతే గ్యాలరీ ఏముందండీ!"

బయట కారు ఆగిన చప్పుడు. తలుపు తోసే చప్పుడు రాకముందే కరెంటు పోయింది.

కిటికీలు మూసిన గది. కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి. షైనీ పాపని ఎడమ చంకకి మార్చింది. సూది తీసింది. వేళ్ళతో రేకులు లెక్కపెట్టింది. మూడు, నాలుగు, అయిదు. ఇదే.

ఒక కుట్టు పడింది.

అంతమంది ఆడవాళ్ళున్న గదిలో ఒక్క మాట లేదు. ఊపిరి తీస్తున్న చప్పుడే. జాయ్ కూడా ఏమనుకుందో, గుక్క పెట్టలేదు.

రెండో కుట్టు పడింది. ముడి వేయాలి, అంతే.

"ఎవరూ కంగారు పడకండి, ఎక్కడివాళ్ళక్కడే ఉండండి!" అంటూ రమణి గబుక్కున ఫోన్‌లో టార్చి వేసింది.

ఆ వెలుగులో, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇరవై ఆరుగురూ ఎవరి పువ్వు మీద వాళ్ళు వంగి ఉన్నారు, అందరి చేతుల్లోనూ సూదులే, అందరికంటే ముందు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, పళ్ళతో దారం తెంపుతూ మరియమ్మగారు.