బూదెమ్మ ముద్దలు

ఒక అడవిలో పులి వేటాడి కండంతా తిని, పేగులూ ఊపిరితిత్తులూ ఎముకలూ వాగు గట్టున వదిలేసేది. సింగన్న అనే నక్క ఏళ్ల తరబడి ఆ దారినే పోతూ, "ఛీ, కంపు!" అని ముక్కు తిప్పుకునేవాడు.

బూదెమ్మ అనే దుమ్ములగొండి ఒకనాడు వాటిని వాగులో కడిగి, బండమీద ఎండబెట్టి, దంచి ముద్దలు చేసింది. ఏనుగు ముద్దుగా పెంచుకుంటున్న పిల్లికూన ఆకులు తినలేక చిక్కిపోతోంది. ఆ ముద్దలు తిన్న పది రోజులకే అది నిగనిగలాడింది. అంతే, ఎలుగుబంటి తన కుక్కపిల్ల కోసం, జింక తన ముంగిసపిల్ల కోసం తేనే పళ్లూ పట్టుకుని బూదెమ్మ గుహ ముందు బారులు తీరాయి.

సింగన్నకు కడుపు రగిలిపోయింది. 'రోజూ నా కళ్లముందున్న కుప్పే కదా!' అనుకుంటూ ఏనుగు దగ్గరికి పరుగెత్తాడు.

"అయ్యా, మీ పిల్లికి ఆవిడ పెట్టేది పులి ఎంగిలి!"

"తెలుసయ్యా. మొదటిరోజే చెప్పింది. కడగడం, ఎండబెట్టడం దగ్గరుండి చూపించింది కూడా. ఇంతకీ నీకొచ్చిన కష్టమేంటి?" అంది ఏనుగు.

సింగన్న వెనుదిరిగాడు. తిరిగొస్తూ బండ దగ్గర ఆగాడు. ఎవరూ లేరనుకుని, బాగుండకూడదని కోరుకుంటూనే ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు. కమ్మగా ఉంది. అదే అతనికి అన్నిటికంటే ఎక్కువ మండింది.

"ఇంకోటి తీసుకో అన్నా," అంది వెనకనుంచి బూదెమ్మ.

సింగన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా చెయ్యి చాచాడు.